మొక్కజొన్న భాగాలు, రకాలు, వాడుక పేర్లు: తరచుగా అడిగే ప్రశ్నలు

మొక్కజొన్న గురించి వచ్చే సందేహాల్లో చాలావరకు పేర్ల గందరగోళం నుంచే పుడతాయి. మనం వాడే పేర్లలో కొన్ని విత్తన రకానికి, కొన్ని కోత దశకు, మరికొన్ని మిల్లులో తయారైన సరుకుకు చెందినవి. స్వీట్ కార్న్ ఒక రకం, బేబీ కార్న్ ఒక దశ, కార్న్‌ఫ్లోర్ ఒక సరుకు. ఏ పేరు దేనికి చెందుతుందో తెలిస్తే విత్తనాల దుకాణంలోనూ కిరాణా కొట్టులోనూ ఏమడగాలో తేలికగా తెలుస్తుంది.

పొత్తు, కండె, కంకి, బుట్ట: ఇవన్నీ ఒకటేనా?

అవును, నాలుగూ గింజలతో నిండిన ఆ ఒక్క భాగానికే పేర్లు. కోస్తా జిల్లాల్లో బొగ్గుల మీద కాల్చి, నిమ్మచెక్కను ఉప్పుకారంలో అద్ది రుద్ది ఇచ్చేది మొక్కజొన్న పొత్తు. తెలంగాణలో దానినే మక్క కంకి అంటారు, హైదరాబాదు వీధుల్లో బుట్ట అని కూడా వినిపిస్తుంది. కండె అనే మాట వ్యవసాయ శాఖ కరపత్రాల్లో ఎక్కువగా కనిపిస్తుంది, పల్లెల్లోనూ వాడుకలో ఉంది. పంటను ఆంధ్రలో మొక్కజొన్న అంటే తెలంగాణలో మక్కజొన్న లేదా మక్క అంటారు. ఎండిన గింజలను మక్కలు అంటారు. మార్కెట్ యార్డులో ‘మక్కలు’ అంటే ఒలిచిన గింజలే తప్ప కంకులు కావు కాబట్టి, ధర అడిగేటప్పుడు ఈ తేడా గుర్తుంచుకోవాలి.

పేరులో జొన్న ఉంది కదా, ఇది జొన్నలో ఒక రకమా?

కాదు. రెండూ గడ్డి కుటుంబానికి చెందినవే అయినా వేర్వేరు పంటలు. జొన్న ఆఫ్రికాలో పుట్టి వేల ఏళ్లుగా మన నేలలో పండుతున్న పంట. మొక్కజొన్నను సుమారు 9,000 ఏళ్ల క్రితం మెక్సికోలోని బాల్సాస్ నదీ పరీవాహక ప్రాంతంలో, టియోసింటే అనే అడవి గడ్డి నుంచి అక్కడి ప్రజలు సాగులోకి తెచ్చారు. కొలంబస్ యాత్రల తరువాతనే అది అమెరికా ఖండాలు దాటి తక్కిన ప్రపంచానికి చేరింది.

లేత పైరుగా ఉన్నప్పుడు రెండూ ఒకేలా కనిపిస్తాయి, కంకి వేశాక మాత్రం పొరబడే అవకాశమే లేదు. జొన్న కంకి మొక్క కొసన బయటికి కనబడుతూ ఉంటుంది, మొక్కజొన్న కంకి కాండం నడుమన ఆకు మొదట్లో, పొరల చాటున పెరుగుతుంది. పశువుల మేపు విషయంలో ఈ గుర్తింపు అవసరమవుతుంది. లేత జొన్న పైరులో, ముఖ్యంగా నీటి ఎద్దడికి గురైన దానిలో, పశువులకు ప్రాణాంతకమైన సైనైడ్ విషం ఏర్పడుతుంది. లేత మొక్కజొన్నతో ఆ భయం దాదాపు లేదు.

మొక్కలో ఏ భాగాన్ని ఏమంటారు?

నేలకు కాస్త పైన కాండం కణుపుల నుంచి చుట్టూ దిగి మొక్కను నిలబెట్టేవి ఊత వేళ్లు. వీటిని ఊడ వేళ్లని కూడా అంటారు. పెరుగుతున్న మొక్క నడుమన ఆకులు గరాటులా చుట్టుకుని ఉండే చోటు సుడి. కత్తెర పురుగు దాక్కునేది ఈ సుడిలోనే కనుక, మందు ద్రావణం సుడిలోకి దిగేలా పిచికారీ చేయమని వ్యవసాయ అధికారులు చెబుతారు. ఈ పురుగును మన దేశంలో మొదట 2018లో కర్ణాటకలో గుర్తించారు, ఆ తరువాత తక్కిన రాష్ట్రాలకూ పాకింది.

మొక్క కొసన కుచ్చులా విచ్చుకునేది మగపూత. పుప్పొడి దాని నుంచే రాలుతుంది. కాండం నడుమన వచ్చే కండె ఆడపూత, దాని కొస నుంచి వేలాడే పట్టుదారాల వంటివి పీచు. కండెను కప్పి ఉంచే ఆకులను పై పొరలు అంటారు. గింజలు ఒలిచాక మిగిలే తేలికైన కాడ బెండు. కోత అయ్యాక చేలో మిగిలే కాండం, ఆకులు కలిపి చొప్ప.

పీచు ఎందుకు ఉంటుంది? కొన్ని పొత్తుల్లో అక్కడక్కడా గింజలు లేకపోవడానికి కారణం ఏమిటి?

తినే ముందు విసుగ్గా పీకి పారేసే ఆ పీచులో ఒక్కొక్క పోగు ఒక్కొక్క గింజకు చెందినది. పొరలు మెల్లగా విప్పి చూస్తే, ప్రతి పోగు కండె మీద ఒక గింజ స్థానం నుంచి బయలుదేరి వరుసల మధ్యగా కొస వరకు వచ్చినట్లు స్పష్టంగా కనిపిస్తుంది. మగపూత నుంచి గాలికి రాలిన పుప్పొడి రేణువు పోగు మీద పడితే, అక్కడి నుంచి సన్నని నాళం ఒకటి పోగు లోపలే దిగువకు పెరిగి, దాదాపు ఒక రోజులో అండాన్ని చేరుతుంది. అప్పుడే ఆ చోట గింజ కడుతుంది. ఏ పోగుకు పుప్పొడి అందదో అక్కడ గింజ ఉండదు.

కనుక గింజలు పలచగా ఉన్న పొత్తును చూసి విత్తనం నాసిరకమని వెంటనే తేల్చేయడం సరికాదు. పూత సమయంలో నీటి ఎద్దడి వస్తే పీచు ఆలస్యంగా బయటికి వస్తుంది, అప్పటికే మగపూత పుప్పొడి అయిపోతుంది. తీవ్రమైన ఎండలో పుప్పొడి రేణువులే చచ్చుబడతాయి. పెరట్లో ఒకే సాలుగా పది మొక్కలు వేసుకున్నవారికి పొత్తులు బోసిగా రావడానికి కారణం కూడా ఇదే. గాలికి పుప్పొడి పక్కకు కొట్టుకుపోతుంది. అవే మొక్కలను మూడు నాలుగు పొట్టి సాళ్లుగా, చదరంగా వేసుకుంటే గింజ నిండుగా కడుతుంది. కండె కొసన ఉండే గింజల పీచు అన్నిటికంటే చివర బయటపడుతుంది కాబట్టి, కొస ఖాళీగా ఉండటం మరీ సాధారణం.

గింజల వరుసలు ఎప్పుడూ సరి సంఖ్యలోనే ఉంటాయంటారు, నిజమేనా?

నిజమే. కండె మీద పుష్పాలు జంటలుగా ఏర్పడతాయి కనుక వరుసలు 12, 14, 16 ఇలా సరి సంఖ్యలో వస్తాయి. గింజ సరిగా కట్టని కండె మీద లెక్క తప్పినట్లు కనిపించవచ్చు. నిండైన కండెను అడ్డంగా విరిచి లెక్కపెట్టి చూడండి.

గింజ లోపల ఏముంటుంది?

ఎండు గింజను రాత్రంతా నానబెట్టి, మరునాడు పదునైన కత్తితో వెడల్పు వైపు నుంచి నిలువుగా రెండుగా కోస్తే లోపలి భాగాలన్నీ చూడవచ్చు. పైన పలచగా, గట్టిగా ఉండేది తొక్క. గుగ్గిళ్లు తిన్నప్పుడు పళ్ల సందుల్లో ఇరుక్కునేది అదే. కింది కొస వైపు లేత రంగులో, మెత్తగా కనిపించేది మొలక. గింజలోని నూనెలో అత్యధిక భాగం దీనిలోనే ఉంటుంది, మొక్కజొన్న నూనె తీసేది దీని నుంచే. మిగిలిన భాగమంతా, అంటే గింజ బరువులో ఐదింట నాలుగు వంతులకు పైగా, పిండి భాగం.

ఆ పిండి భాగాన్ని నిదానంగా పరిశీలిస్తే రెండు రకాలుగా కనిపిస్తుంది. అంచుల వెంబడి గాజులా మెరుస్తూ గట్టిగా ఉండేది ఒకటి, నడుమన సున్నంలా తెల్లగా, గోటితో గీరితే పొడి రాలేలా ఉండేది మరొకటి. ఈ రెండూ ఏ పాళ్లలో, ఏ చోట ఉన్నాయన్న దానిని బట్టే మొక్కజొన్న రకాలను విడదీస్తారు. గింజ అడుగున బెండుకు అతుక్కుని ఉండే చిన్న మొనకు కోతలో ఒక ప్రత్యేక ప్రయోజనం ఉంది, దాని గురించి కింద చెప్పాము.

మొక్కజొన్నలో అసలు ఎన్ని రకాలున్నాయి?

గింజ స్వభావాన్ని బట్టి చేసే విభజన 19వ శతాబ్దం చివర స్టర్టెవంట్ అనే అమెరికన్ శాస్త్రవేత్త స్థిరపరచినది, కొద్ది మార్పులతో నేటికీ అదే వాడుకలో ఉంది. డెంట్ రకంలో మెత్తని పిండి గింజ నెత్తి వరకు ఉంటుంది. ఎండినప్పుడు అది కుంచించుకుపోయి, నెత్తిన చిన్న సొట్ట పడుతుంది. అమెరికా మైదానాల్లో పండే పంటలో సింహభాగం ఇదే. ఫ్లింట్ రకంలో గట్టి పిండి చుట్టూ గోడలా ఉంటుంది కాబట్టి సొట్ట పడదు, గింజ గుండ్రంగా నున్నగా మెరుస్తుంది. పురుగును కాస్త ఎక్కువగా తట్టుకుంటుంది. మన మార్కెట్లలో మొదటి నుంచీ నారింజ ఛాయ కలిగిన ఇటువంటి గట్టి గింజకు ఆదరణ ఎక్కువ. ఆ రంగునిచ్చే లూటిన్, జియాజాంథిన్ అనే వర్ణకాలే మేత ద్వారా కోడిగుడ్డు సొనకు పసుపు రంగునిస్తాయి. మన దగ్గర పండే మొక్కజొన్నలో పెద్ద వాటా కోళ్ల దాణాకే పోతుంది కనుక, ఇది చిన్న విషయం కాదు.

పాప్ కార్న్, స్వీట్ కార్న్ గురించి విడిగా చెబుతాము. మైనపు మొక్కజొన్న గింజను కోస్తే లోపల మైనంలా మసకగా కనిపిస్తుంది. సాధారణ గింజ పిండిలో దాదాపు నాలుగో వంతు అమైలోజ్, మిగతాది అమైలోపెక్టిన్ అనే పిండి పదార్థాలు ఉంటాయి. ఇందులో దాదాపు అంతా అమైలోపెక్టినే కావడంతో ఉడికాక జిగురుగా సాగుతుంది. చైనా, కొరియాలలో వీటిని ఉడకబెట్టుకుని ఇష్టంగా తింటారు. పిండి మొక్కజొన్నలో గట్టి భాగం దాదాపు ఉండదు, అది ఆండీస్ పర్వత ప్రాంతపు ఆహారం. ప్రతి గింజకూ విడివిడిగా పొర ఉండే పాడ్ రకం కూడా ఒకటి ఉంది కానీ, దానిని పరిశోధనా కేంద్రాల్లో తప్ప ఎవరూ సాగు చేయరు.

స్వీట్ కార్న్ అంటే లేత మొక్కజొన్నేనా?

కాదు. ఏ మొక్కజొన్న అయినా పాలగింజ దశలో కొంత తియ్యగానే ఉంటుంది, రోజులు గడిచేకొద్దీ ఆ చక్కెర పిండిగా మారిపోతుంది. స్వీట్ కార్న్‌లో జన్యువులోని ఒక మార్పు వల్ల చక్కెర పిండిగా మారే ప్రక్రియ మందగిస్తుంది. మామూలు మక్క కంకిని ఎంత లేతగా కోసినా అది స్వీట్ కార్న్ కాదు, స్వీట్ కార్న్‌ను ముదరనిచ్చినా మామూలు మక్క కాదు. ముదిరి ఎండిన స్వీట్ కార్న్ గింజ ముడతలు పడి, లోపల ఏమీ లేనట్లుగా తేలికగా ఉంటుంది. విత్తన ప్యాకెట్ తెరిచి చూసి, నాసిరకం అంటగట్టారని కంగారుపడేవారుంటారు. ఆ విత్తనం తీరే అంత.

సాగుదారులు గుర్తుంచుకోవలసింది ఒకటుంది. పక్క చేలోని మామూలు మొక్కజొన్న పుప్పొడి స్వీట్ కార్న్ పీచు మీద పడితే, ఆ గింజలు అదే పంటలో పిండిగింజలుగా మారతాయి, తీపి పోతుంది. అందుకే రెండింటి మధ్య కనీసం 250 మీటర్ల దూరమైనా ఉంచాలి, లేదా పూత వేళలు కలవకుండా రెండు వారాల తేడాతోనైనా విత్తాలి. పీచు కనిపించిన సుమారు 20 రోజులకు, అది గోధుమ రంగుకు తిరిగి, గింజను గోటితో నొక్కితే పాలు చిమ్మే సమయంలో కోయాలి. కోసిన తరువాత తీపి గంటగంటకూ తగ్గుతుంది కనుక, ఇంటికి తెచ్చుకున్నవాటిని ఆ రోజే వండుకోవడం మేలు. కుదరకపోతే పొరలు తీయకుండా ఫ్రిజ్‌లో ఉంచండి.

బేబీ కార్న్ వేరే జాతి మొక్క నుంచి వస్తుందా?

రాదు. పీచు బయటపడిన ఒకటి రెండు రోజుల్లోనే, గింజ కట్టక ముందు కోసిన లేత కండే బేబీ కార్న్. ఏ మొక్కజొన్న నుంచైనా కోయవచ్చు. మొక్కకు ఎక్కువ కండెలు వేసే హైబ్రిడ్లను ఎంచుకుంటే గిట్టుబాటుగా ఉంటుంది. పరాగ సంపర్కం జరగకుండా మగపూతను ముందే తుంచేస్తారు. ఆ పూత, కోత తరువాతి పచ్చి చొప్ప రెండూ పశువులకు మంచి మేత. కోయడం రెండు మూడు రోజులు ఆలస్యమైతే కండె పెరిగిపోయి, నమలడానికి పీచుపీచుగా తయారవుతుంది.

మామూలు మక్కలను పెనం మీద వేస్తే పాప్‌కార్న్ ఎందుకు కావు?

పాప్‌కార్న్ గింజ చిన్నది, దాని తొక్క దృఢమైనది, లోపలి పిండి దాదాపు అంతా గట్టిది. గింజలో 14 శాతం దగ్గరగా తేమ ఉన్నప్పుడు వేడి చేస్తే ఆ నీరు ఆవిరై, బయటికి పోయే దారి లేక ఒత్తిడి పెంచుతుంది. సుమారు 180 డిగ్రీల సెల్సియస్ వద్ద తొక్క పగిలి, కరిగిన పిండి ఒక్కసారిగా నురగలా పొంగి ఆరిపోతుంది. మామూలు మక్కల తొక్క ఆ ఒత్తిడిని నిలపలేదు, ఆవిరి ముందే జారిపోతుంది. అందుకే అవి వేగి చిట్లుతాయి తప్ప పువ్వులా విచ్చుకోవు. గిన్నె అడుగున మిగిలిపోయే పగలని గింజలు సాధారణంగా ఎండిపోయినవో, తొక్కకు బీట పడినవో అయి ఉంటాయి. పాప్‌కార్న్ గింజలను మూత గట్టిగా ఉన్న సీసాలో దాచుకోమనడానికి కారణం ఇదే.

పేలాలు మనకు కొత్త కాదు. తొలి ఏకాదశినాడు తినే పేలాల పిండికి జొన్నలను వేడి ఇసుకలో వేయించే పద్ధతి పాతదే, అందులోనూ పనిచేసేది ఇదే ఆవిరి సూత్రం.

మొక్కజొన్న పిండి, కార్న్‌ఫ్లోర్ ఒకటేనా? విదేశాల్లో ఏమని అడగాలి?

వంటల్లో జరిగే పొరపాట్లకు ఇదే మూలం కాబట్టి కాస్త వివరంగా చెప్పాలి. ఎండు గింజను మర పట్టిస్తే వచ్చే పసుపు రంగు పిండి మొక్కజొన్న పిండి. మక్క రొట్టెలకూ, ఉత్తరాదిన మక్కీ రోటీకీ వాడేది అదే. గింజను నానబెట్టి, మొలకనూ, తొక్కనూ, మాంసకృత్తులనూ వేరు చేసి, మిగిలిన గంజి పదార్థాన్ని ఆరబెడితే వచ్చేది మన దుకాణాల్లో కార్న్‌ఫ్లోర్ పేరుతో అమ్మే తెల్లని పొడి. వేళ్ల మధ్య నలిపితే కిరకిరలాడుతుంది. గోబీ మంచూరియాకు కరకరనూ, సూపుకు చిక్కదనాన్నీ ఇచ్చేది ఇదే. దీనితో రొట్టె చేయలేము. పసుపు పిండితో సూపు చిక్కబరిస్తే పలుకుపలుకుగా ఉంటుంది.

బ్రిటన్‌లోనూ మనలాగే తెల్లని పొడిని కార్న్‌ఫ్లోర్ అంటారు. అమెరికాలో దానికి కార్న్‌స్టార్చ్ అని పేరు, అక్కడ కార్న్‌ఫ్లోర్ అని రాసి ఉంటే అది మెత్తగా విసిరిన మొక్కజొన్న పిండి. అమెరికాలో స్థిరపడినవారు మన వంటకం చూసి చేసుకునేటప్పుడు కార్న్‌స్టార్చ్ ప్యాకెట్ కొనాలి. మక్క రొట్టెలకు మాసా హరీనా కొనడం కూడా సరిపోదు. అది సున్నపు నీటిలో ఉడికించిన గింజల పిండి కనుక, వాసన, రుచి వేరుగా ఉంటాయి.

గింజలను సున్నంతో ఉడికించడం మెక్సికన్ల పాత అలవాటు, దాని వెనుక బలమైన ఫలితం ఉంది. మొక్కజొన్నలోని నియాసిన్ అనే విటమిన్ మన శరీరం గ్రహించలేని రూపంలో బంధించబడి ఉంటుంది, సున్నం దానిని విడిపిస్తుంది. ఈ పద్ధతి తెలియకుండా మొక్కజొన్న ఒక్కదాని మీదే ఆధారపడిన ఐరోపా పేదలు, అమెరికా సంయుక్త రాష్ట్రాల దక్షిణ ప్రాంతపు పేదలు నియాసిన్ లోపం వల్ల వచ్చే పెలాగ్రా వ్యాధితో తరతరాలు బాధపడ్డారు. పప్పు, పాలు, కూరలతో కలిపి మక్క గట్క తినేవారికి ఆ భయం అక్కరలేదు.

మక్క గారెలకు ఎటువంటి కంకులు తీసుకోవాలి?

గోరు గుచ్చితే పాలు కారేటంత లేతవీ వద్దు, గోరు దిగనంత ముదురువీ వద్దు. గోరు దిగి, పాలకు బదులు చిక్కని ముద్ద కనిపించే కంకులు గారెలకు సరైనవి. అటువంటి గింజలను పచ్చిమిర్చి, అల్లం, వెల్లుల్లి, జీలకర్రతో నీళ్లు పోయకుండా కచ్చాపచ్చాగా రుబ్బితే, పిండి చేతికి నిలుస్తుంది. స్వీట్ కార్న్‌తో ప్రయత్నించేవారికి పిండి జారుగా వస్తుంది. అందులో పిండి పదార్థం తక్కువ కాబట్టి శనగపిండో బియ్యప్పిండో కలపక తప్పదు, రుచి కూడా తియ్యగా మారుతుంది. నా మటుకు నాకు అవి గారెలు కావు, వేరే ఏదో ఫలహారం. కాల్చుకోవడానికి మాత్రం పాలగింజ దాటి అప్పుడే గట్టిపడుతున్న మామూలు కంకిని మించింది లేదు. గుడాలకు ముదురు కంకులైనా సరిపోతాయి.

ఒకే కంకిలో రంగురంగుల గింజలు ఎలా వస్తాయి?

ప్రతి గింజకూ పుప్పొడి విడిగా అందుతుంది కనుక, ఒకే కంకిలోని గింజలకు తల్లి ఒకటే అయినా తండ్రి మొక్కలు వేరు కావచ్చు. పసుపు కంకిలో అక్కడక్కడా కనిపించే ఊదా గింజలు ఇలా వచ్చినవే. ఒకే గింజ మీద మచ్చలు, చారలు ఉండటం మాత్రం వేరే సంగతి. అమెరికన్ శాస్త్రవేత్త బార్బరా మెక్లింటాక్ 1940లలో అటువంటి గింజలనే పరిశీలించి, జన్యువులు క్రోమోజోమ్‌పై ఒక చోటి నుంచి మరొక చోటికి కదలగలవని కనుగొన్నారు. దానికి 1983లో ఆమెకు నోబెల్ బహుమతి లభించింది. రంగు గింజలు తినడానికి ఏమాత్రం హానికరం కావు. బూజు వల్ల నల్లగానో ఆకుపచ్చగానో మారినవి మాత్రం వేరు. వాటిలో అఫ్లటాక్సిన్ అనే విషం ఉండవచ్చు కనుక మనుషులకూ కోళ్లకూ పెట్టకూడదు.

పంట కోతకు వచ్చిందని ఎలా గుర్తించాలి?

పై పొరలు ఎండి కండె కిందికి వాలడం దూరం నుంచి కనిపించే గుర్తు. నమ్మకమైన గుర్తు గింజలో ఉంది. కండె నడుమ నుంచి ఒక గింజను ఊడదీసి, బెండుకు అతుక్కున్న మొనను గోటితో గిల్లి చూడాలి. అక్కడ నల్లని చార ఏర్పడి ఉంటే, తల్లి మొక్క నుంచి గింజకు ఆహారం ఆగిపోయిందనీ, గింజ ఇక బరువు పెరగదనీ అర్థం. ఆ సమయానికి గింజలో తేమ ఇంకా 30 శాతానికి పైనే ఉంటుంది కాబట్టి వెంటనే ఒలవకూడదు. కండెలను ఆరబెట్టి, ఒలిచాక గింజను మళ్లీ ఎండబెట్టి, తేమ 14 శాతానికి తగ్గాకే సంచులకు ఎత్తాలి. ఆరీ ఆరని గింజను గోదాములో పోస్తే, పైన చెప్పిన బూజు పట్టడానికి వారం పట్టదు.

విత్తన సంచి మీద రాసే పేర్లకు అర్థం ఏమిటి? పండిన గింజను మళ్లీ విత్తవచ్చా?

సంచి మీద హైబ్రిడ్ అని ఉంటే, పండిన గింజను మళ్లీ విత్తనంగా వాడకూడదు. రెండు వేర్వేరు వంశాలను కలిపి తెచ్చిన ఆ జోరు మరుసటి తరంలో చెదిరిపోయి, మొక్కలు ఎత్తుపల్లాలుగా వచ్చి దిగుబడి పడిపోతుంది. డీహెచ్‌ఎం 117, డీహెచ్‌ఎం 121 వంటి పేర్లలో డీహెచ్‌ఎం అంటే దక్కన్ హైబ్రిడ్ మక్క. ఇవి హైదరాబాదులోని మొక్కజొన్న పరిశోధనా కేంద్రం విడుదల చేసినవి. మాధురి, ప్రియ అనే స్వీట్ కార్న్ రకాలు, అంబర్ పాప్‌కార్న్ కూడా అక్కడ రూపొందినవే. కాంపోజిట్ (పలు వంశాల మిశ్రమం) అని ఉన్న రకాల గింజను, పరాయి పుప్పొడి తగలకుండా చేను మధ్య నుంచి మంచి కండెలు ఏరుకుని, రెండు మూడు పంటల వరకు విత్తుకోవచ్చు.

చొప్ప, బెండ్లు, పీచు వృథాయేనా?

కావు. కండెలు విరిచిన వెంటనే ఇంకా పచ్చగా ఉన్న చొప్పను ముక్కలు చేసి పశువులకు వేయవచ్చు. పూర్తిగా ఎండినది పశువులు అంతగా ఇష్టపడవు, యంత్రంతో తరిగి పచ్చిమేతతో కలిపితే తింటాయి. పాడి రైతులు గింజ సగం గట్టిపడిన దశలో మొక్కను కండెతో సహా నరికి, గాలి చొరకుండా గోతిలో తొక్కి పాతర మేత చేస్తారు. దానికి మొక్కజొన్నను మించిన పైరు లేదు. బెండ్లు పల్లెల్లో పొయ్యిలోకి కట్టెలుగా, పరిశ్రమల్లో బాయిలర్ ఇంధనంగా పనికివస్తాయి. చొప్పను చేలోనే తగలబెట్టడం కంటే రోటవేటర్‌తో నేలలో కలిపేయడం లాభం, ఎందుకంటే మొక్క తీసుకున్న పొటాష్‌లో ఎక్కువ భాగం చొప్పలోనే ఉండిపోతుంది.